విండోస్ సర్వర్లను మన కంప్యూటర్ నుంచే నిర్వహించడం: ఆర్‌సాట్ టూల్స్ ఇన్‌స్టాలేషన్, వాడకం

కొత్త ఉద్యోగికి ఖాతా తెరవాలన్నా, మరచిపోయిన పాస్‌వర్డ్‌ను మార్చాలన్నా చాలా కార్యాలయాల్లో సిస్టమ్ అడ్మిన్ మొదట చేసే పని రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి నేరుగా డొమైన్ కంట్రోలర్‌లోకి, అంటే సంస్థ కంప్యూటర్లు, ఖాతాల సమూహమైన డొమైన్‌ను నడిపే సర్వర్‌లోకి, లాగిన్ కావడం. పని జరిగిపోతుంది కాబట్టి ఇందులో తప్పేముందని అనిపిస్తుంది. అయితే విండోస్ సర్వర్‌లో నిర్వహణ అవసరాల కోసం ఒకేసారి ఇద్దరికి మాత్రమే రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ దొరుకుతుంది; సైన్ అవుట్ చేయకుండా విండో మూసేసి భోజనానికి వెళ్లిన సహోద్యోగులు ఇద్దరుంటే చాలు, మూడో వ్యక్తికి చోటుండదు. అంతకన్నా పెద్ద చిక్కు భద్రతకు సంబంధించినది. డొమైన్ అడ్మిన్ ఖాతాతో ఏ సర్వర్ డెస్క్‌టాప్‌పైకి లాగిన్ అయినా ఆ ఖాతా ఆధారాలు (పాస్‌వర్డ్ సంబంధిత వివరాలు) ఆ యంత్రం మెమరీలోకి చేరతాయి, ఆ యంత్రంలో అప్పటికే చొరబాటుదారుడు ఉంటే డొమైన్ మొత్తం అతని చేతికి అందినట్లే. పైగా సర్వర్ కోర్ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసిన సర్వర్‌కు తెరిచి చూడడానికి డెస్క్‌టాపే ఉండదు.

వీటన్నిటికీ మైక్రోసాఫ్ట్ ఎప్పటినుంచో ఉచితంగా ఇస్తున్న మార్గం రిమోట్ సర్వర్ అడ్మినిస్ట్రేషన్ టూల్స్, అడ్మిన్ల వాడుకలో ఆర్‌సాట్. యాక్టివ్ డైరెక్టరీ (ఖాతాలు, కంప్యూటర్ల జాబితా), డీఎన్‌ఎస్ (యంత్రాల పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చేది), డీహెచ్‌సీపీ (యంత్రాలకు ఐపీ చిరునామాలు ఇచ్చేది), గ్రూప్ పాలసీ (అనేక యంత్రాలకు ఒకేసారి అమరికలు పంపేది) వంటి సేవలు సర్వర్‌లోనే నడుస్తాయి. వాటిని నిర్వహించే కన్సోళ్లు మాత్రం అడ్మిన్ కంప్యూటర్‌లో ఉంటాయి. విండోస్ 2000, ఎక్స్‌పీ రోజుల్లో ఇవి అడ్మిన్ ప్యాక్ అనే ఒకే ఎంఎస్‌ఐ ఫైలుగా వచ్చేవి, విస్టా, సర్వర్ 2008 కాలం నుంచి ఆర్‌సాట్ అయ్యాయి. ఒక డొమైన్, రెండు మూడు డొమైన్ కంట్రోలర్లు, కొన్ని ఫైల్, అప్లికేషన్ సర్వర్లు ఉన్న కార్యాలయాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆదేశాలను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇచ్చాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలోని అడ్డగీతలతో సహా రాయాలి.

ఇన్‌స్టాల్ చేయడం

మొదట మన కంప్యూటర్‌లో ఉన్న విండోస్ ఏ ఎడిషనో చూసుకోవాలి. ప్రో, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లలో ఆర్‌సాట్ ఇన్‌స్టాల్ అవుతుంది, హోమ్ ఎడిషన్‌లో కాదు. హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరనూ చేరదు కాబట్టి అడ్మిన్ వాడే యంత్రాన్ని ప్రోకు మార్చుకోవడమే సరైన దారి. హోమ్‌లో కూడా ఆర్‌సాట్ తెప్పిస్తామంటూ ఇంటర్నెట్‌లో తిరిగే స్క్రిప్టుల జోలికి, అందులోనూ డొమైన్‌పై హక్కులున్న మనిషి, అసలే పోకూడదు.

రెండో విషయం విండోస్ వెర్షన్. విండోస్ 10లో 1809 వెర్షన్‌కు ముందు, అంటే 2018 అక్టోబర్ అప్‌డేట్‌కు ముందు, ఆర్‌సాట్‌ను మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ సెంటర్ నుంచి విడిగా దించుకోవలసి వచ్చేది, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది చెరిగిపోయి మళ్లీ మొదటికొచ్చేది. 1809 నుంచి అది విండోస్‌లోనే ఐచ్ఛిక ఫీచర్‌గా మారింది, అప్‌డేట్లు వచ్చినా నిలిచి ఉంటుంది. అందువల్ల పాత వెబ్ పేజీల్లో కనిపించే డౌన్‌లోడ్ లింకులను పట్టించుకోనవసరం లేదు.

సెట్టింగ్స్ తెరిచి పైనున్న వెతుకు పెట్టెలో ఆప్షనల్ ఫీచర్స్ అని టైపు చేయడం తేలిక, ఎందుకంటే విండోస్ 10లో యాప్స్ విభాగంలో ఉన్న ఈ పేజీ విండోస్ 11 కొత్త వెర్షన్లలో సిస్టమ్ విభాగంలోకి మారింది. అక్కడ యాడ్ ఎ ఫీచర్ లేదా వ్యూ ఫీచర్స్ అనే బటన్ నొక్కి ఆర్‌సాట్ అని వెతికితే ఆ పేరుతో మొదలయ్యే టూల్స్ ఇరవై దాకా వరుసగా కనిపిస్తాయి. అన్నిటికీ టిక్ పెట్టేయాలన్న ఉబలాటం కలుగుతుంది, కానీ అవసరం లేదు. సాధారణ కార్యాలయానికి యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ సర్వీసెస్ టూల్స్, గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్ టూల్స్, డీఎన్‌ఎస్ సర్వర్ టూల్స్, డీహెచ్‌సీపీ సర్వర్ టూల్స్, సర్వర్ మేనేజర్ అనే ఐదు చాలు. డిస్కులను బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసే సంస్థ అయితే రికవరీ కీలను యాక్టివ్ డైరెక్టరీలో చూపించే బిట్‌లాకర్ టూల్‌ను కూడా చేర్చుకోవాలి. ల్యాప్‌టాప్ మొరాయించిన రోజున దాని విలువ తెలుస్తుంది. ఫెయిలోవర్ క్లస్టరింగ్ (ఒక సర్వర్ ఆగితే మరొకటి అందుకునే ఏర్పాటు), ఐపామ్ (ఐపీ చిరునామాల నిర్వహణ) వంటివి ఆ సేవలు నిజంగా నడుస్తున్న చోట మాత్రమే.

ఇదే పనిని పవర్‌షెల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే విండోస్ టూల్‌లో, చేయాలనుకుంటే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన విండోలో గెట్-విండోస్‌కేపబిలిటీ ఆదేశానికి ఆన్‌లైన్ అనే స్విచ్, నేమ్ దగ్గర ఆర్‌సాట్ పక్కన నక్షత్రం గుర్తు ఇస్తే ఏవి ఇన్‌స్టాల్ అయ్యాయో, ఏవి కాలేదో జాబితా వస్తుంది. కావలసిన దాని పూర్తి పేరును ఆ జాబితా నుంచే కాపీ చేసుకుని యాడ్-విండోస్‌కేపబిలిటీ ఆదేశానికి అందించాలి. ఆ పేర్ల చివర అలల గుర్తులు, వెర్షన్ అంకెలు ఉంటాయి కాబట్టి చేత్తో టైపు చేయడానికి ప్రయత్నించకపోవడం మంచిది. ఇన్‌స్టాల్ అయిన టూల్స్ విండోస్ 11 స్టార్ట్ మెనూలో విండోస్ టూల్స్ అనే ఫోల్డర్‌లో, విండోస్ 10లో విండోస్ అడ్మినిస్ట్రేటివ్ టూల్స్‌లో కనిపిస్తాయి.

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోయే చోటు ఒకటుంది. ఇన్‌స్టాలేషన్ కాసేపు నడిచి 0ఎక్స్800ఎఫ్0954 అనే ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఇంటర్నెట్ బాగానే ఉంటుంది, డిస్క్‌లో చోటుంటుంది, అయినా పని కాదు. కారణం ఏమిటంటే, కార్యాలయంలో విండోస్ అప్‌డేట్లను పంచడానికి డబ్ల్యూసస్ సర్వర్ పెట్టుకున్నప్పుడు మన కంప్యూటర్ ఈ ఐచ్ఛిక ఫీచర్ల కోసం కూడా ఆ సర్వర్‌నే అడుగుతుంది, అక్కడ అవి ఉండవు. దీనికి విరుగుడు గ్రూప్ పాలసీలో ఉంది. కంప్యూటర్ కాన్ఫిగరేషన్‌లో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, అందులో సిస్టమ్ అనే ఫోల్డర్‌లోకి వెళితే, ఐచ్ఛిక భాగాల ఇన్‌స్టాలేషన్, మరమ్మతుకు సంబంధించి స్పెసిఫై సెట్టింగ్స్ అనే మాటలతో మొదలయ్యే పాలసీ కనిపిస్తుంది. దాన్ని ఎనేబుల్ చేసి, డబ్ల్యూసస్‌కు బదులు నేరుగా విండోస్ అప్‌డేట్ నుంచి దించుకోమని చెప్పే గడికి టిక్ పెట్టి, జీపీఅప్‌డేట్ ఆదేశం నడిపి మళ్లీ ప్రయత్నిస్తే ఫీచర్లు దిగుతాయి. రిజిస్ట్రీలో డబ్ల్యూసస్ అమరికను తాత్కాలికంగా సున్నా చేసే చిట్కా కూడా ప్రచారంలో ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ తిరిగి ఒకటి చేయడం మరచిపోతే ఆ యంత్రం సంస్థ అప్‌డేట్ విధానానికి బయట ఉండిపోతుంది. అందుకే నేను పాలసీ మార్గాన్నే సూచిస్తాను. ఇంటర్నెట్ లేని నెట్‌వర్కుల్లో అయితే విండోస్ వెర్షన్‌కు సరిపోయే ఫీచర్ల ఐఎస్‌ఓను తెచ్చుకుని డిజమ్ ఆదేశానికి దాన్నే మూలంగా చూపాలి.

తొలగించేటప్పుడు ఒక చిన్న మెలిక ఉంది. కొన్ని టూల్స్ మరికొన్నిటిపై ఆధారపడి ఉంటాయి కాబట్టి, ఆధారపడినదాన్ని ముందు తీసి, తర్వాతే దానికి మూలమైనదాన్ని తీయాలి. తొలగింపు పూర్తయిందని చూపించి కూడా టూల్ అలాగే కనిపిస్తుంటే కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

ఏ ఖాతాతో తెరవాలి

టూల్స్ మన కంప్యూటర్‌లోకి వచ్చినంత మాత్రాన మనకు కొత్త అధికారమేమీ రాదు. తన కంప్యూటర్‌పై అడ్మిన్ హక్కున్న ఎవరైనా ఆర్‌సాట్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, మామూలు ఉద్యోగి కూడా యాక్టివ్ డైరెక్టరీ కన్సోల్ తెరిచి చూడవచ్చు, కానీ దేన్నీ మార్చలేడు. మార్చే హక్కు ఖాతాను బట్టి వస్తుంది. అందువల్ల అడ్మిన్‌కు కనీసం రెండు ఖాతాలుండాలి: ఈమెయిల్, బ్రౌజర్, రోజువారీ పనులకు ఒక మామూలు ఖాతా, సర్వర్ల నిర్వహణకు వేరే ఖాతా. కంప్యూటర్‌లోకి మామూలు ఖాతాతోనే లాగిన్ అయి, షిఫ్ట్ మీట నొక్కి పట్టి టూల్‌పై రైట్ క్లిక్ చేస్తే రన్ యాజ్ డిఫరెంట్ యూజర్ అన్నది కనిపిస్తుంది. అక్కడ నిర్వహణ ఖాతా వివరాలిస్తే ఆ కన్సోల్ ఒక్కటే ఆ అధికారంతో తెరుచుకుంటుంది. ఇది చిన్న కార్యాలయానికి సరిపోయే ఏర్పాటు. ఇంకా గట్టిగా ఉండాలనుకునే సంస్థలు నిర్వహణకు విడిగా ఒక కంప్యూటర్‌నే కేటాయించి, దాంట్లో ఈమెయిల్, ఇంటర్నెట్ లేకుండా చేస్తాయి. మామూలు ఖాతా నడుస్తున్న యంత్రం చొరబాటుదారుడి చేతికి చిక్కితే దాని మీద తెరిచిన అడ్మిన్ కన్సోల్‌కూ ముప్పే కాబట్టి, స్తోమత ఉంటే ఆ పద్ధతే మేలు.

కన్సోల్‌ను డొమైన్‌లో చేరని ల్యాప్‌టాప్ నుంచి తెరవవలసి వస్తే, రన్‌యాజ్ ఆదేశానికి నెట్‌ఓన్లీ స్విచ్ తోడు చేసి ఎంఎంసీని (ఈ కన్సోళ్లను తెరిచే విండోస్ ప్రోగ్రామ్) నడిపితే, యంత్రంలో మన స్థానిక ఖాతాయే ఉండి, నెట్‌వర్క్‌లోకి వెళ్లేటప్పుడు మాత్రం డొమైన్ ఖాతా వాడుతుంది. తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినా ఈ స్విచ్ అప్పటికప్పుడు చెప్పదు, కన్సోల్ డొమైన్ కంట్రోలర్‌ను పలకరించినప్పుడే తెలుస్తుంది.

సర్వర్ వైపు సన్నాహం

సర్వర్ మేనేజర్, పవర్‌షెల్ వంటివి సర్వర్‌తో విన్ఆర్ఎం అనే సేవ ద్వారా మాట్లాడతాయి. దానికి మామూలు పోర్టు 5985, సర్టిఫికెట్ పెట్టుకుని హెచ్‌టీటీపీఎస్‌లో నడిపితే 5986. విండోస్ సర్వర్ 2012 నుంచి ఇది మొదటి నుంచే తెరిచి ఉంటుంది కాబట్టి డొమైన్‌లో చేరిన సర్వర్లలో చాలాసార్లు ఏమీ చేయనవసరం రాదు. సర్వర్ కోర్‌లో అయితే ఎస్‌కాన్ఫిగ్ మెనూలో రిమోట్ మేనేజ్‌మెంట్ స్థితిని చూసి, అవసరమైతే అక్కడే ఎనేబుల్ చేయవచ్చు.

చాలా సర్వర్లకు ఒకే తీరున అమర్చాలంటే గ్రూప్ పాలసీ ఉంది. విండోస్ రిమోట్ మేనేజ్‌మెంట్ సర్వీస్ అనే ఫోల్డర్‌లో, విన్ఆర్ఎం ద్వారా రిమోట్ నిర్వహణను అనుమతించే పాలసీలో ఐపీవీ4 ఫిల్టర్ అని ఒక గడి ఉంటుంది. అనుభవజ్ఞులు కూడా ఇక్కడ పొరబడతారు. ఆ గడిలో అడ్మిన్ కంప్యూటర్ల ఐపీ రాస్తే వాటి నుంచి వచ్చే అభ్యర్థనలకే అనుమతి ఉంటుందని అనుకుంటారు. నిజానికి ఆ ఫిల్టర్ సర్వర్ తన సొంత చిరునామాల్లో ఏ చిరునామా మీద వినాలో చెప్పేది. అడ్మిన్ యంత్రం ఐపీ ఒక్కటే రాస్తే సర్వర్‌కు ఆ చిరునామా ఉండదు కాబట్టి అది అసలు వినడమే మానేస్తుంది. ఎక్కడి నుంచి రావచ్చో పరిమితం చేయవలసిన చోటు వేరు: ఫైర్‌వాల్ నియమంలోని స్కోప్ ట్యాబ్‌లో, రిమోట్ ఐపీ చిరునామాల గడిలో అడ్మిన్ యంత్రాల చిరునామాలు రాయాలి.

ఎంఎంసీ కన్సోళ్లలో పాతవి విన్ఆర్ఎం వాడవు. కంప్యూటర్ మేనేజ్‌మెంట్, ఈవెంట్ వ్యూయర్ వంటివి ఆర్‌పీసీ అనే పాత పద్ధతి ద్వారా 135 పోర్టుతో మొదలుపెట్టి 49152 నుంచి 65535 వరకున్న పోర్టుల్లో ఏదో ఒకటి ఎంచుకుంటాయి. అందుకే సర్వర్ మేనేజర్‌లో పచ్చగా కనిపించే సర్వర్ ఈవెంట్ వ్యూయర్‌లో తెరుచుకోకపోవచ్చు. సర్వర్ ఫైర్‌వాల్‌లో ఇందుకోసం రిమోట్ ఈవెంట్ లాగ్ మేనేజ్‌మెంట్, రిమోట్ సర్వీస్ మేనేజ్‌మెంట్ వంటి పేర్లతో సిద్ధంగా ఉన్న నియమాల సమూహాలను ఎనేబుల్ చేస్తే చాలు, పోర్టు అంకెలతో సొంత నియమాలు రాయనవసరం లేదు.

సర్వర్ మేనేజర్

సర్వర్ మేనేజర్ తెరిచి, మేనేజ్ మెనూలో యాడ్ సర్వర్స్ ఎంచుకుంటే యాక్టివ్ డైరెక్టరీ నుంచి గానీ, డీఎన్‌ఎస్ పేరుతో గానీ, పేర్లున్న ఫైలు నుంచి గానీ సర్వర్లను జాబితాలో చేర్చవచ్చు. చేర్చిన తర్వాత ఆల్ సర్వర్స్ పేజీలో మేనేజబిలిటీ అనే నిలువు వరుసను చదవడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే అసలు విషయమంతా అక్కడే రాసి ఉంటుంది. పెర్ఫార్మెన్స్ కౌంటర్స్ నాట్ స్టార్టెడ్ అని ఉంటే అది లోపమే కాదు. రైట్ క్లిక్ చేసి కౌంటర్లు మొదలుపెట్టమంటే పోతుంది. యాక్సెస్ డినైడ్ అని ఉంటే సర్వర్ దొరికింది, మన ఖాతాకు హక్కు లేదని అర్థం. టార్గెట్ కంప్యూటర్ నాట్ యాక్సెసిబుల్ అంటే యంత్రం ఆగిపోయి ఉండాలి లేదా ఫైర్‌వాల్ అడ్డుపడుతూ ఉండాలి. కెర్బరోస్ టార్గెట్ రిజల్యూషన్ ఎర్రర్ (కెర్బరోస్ అంటే డొమైన్‌లో ఖాతాను ధ్రువీకరించే పద్ధతి) అని వస్తే పేరు దగ్గర తేడా ఉందేమో చూడాలి, ముఖ్యంగా ఆ యంత్రం డొమైన్‌లో చేరినదా కాదా అన్నది. జాబితా మొదట్లో 10 నిమిషాలకోసారి దానంతటదే తాజా అవుతుంది. మార్పు వెంటనే కనిపించలేదని కంగారు పడకుండా రిఫ్రెష్ నొక్కాలి.

డొమైన్‌లో చేరని సర్వర్‌ను కలుపుకోవాలంటే మన కంప్యూటర్‌లో విన్ఆర్ఎం నమ్మే యంత్రాల ట్రస్టెడ్‌హోస్ట్స్ జాబితాలో దాని పేరు చేర్చి, సర్వర్ మేనేజర్‌లో దానిపై రైట్ క్లిక్ చేసి మేనేజ్ యాజ్ ద్వారా అక్కడి స్థానిక అడ్మిన్ ఖాతా ఇవ్వాలి. ఆ జాబితాలో నక్షత్రం గుర్తు పెట్టి అందరినీ నమ్మేయమని చెప్పే సలహాలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. పేర్లు ఒక్కొక్కటిగా రాయడానికి పట్టే రెండు నిమిషాలకు బద్ధకించి అంత తలుపు తెరవడం నాకు సమంజసంగా తోచదు.

అన్ని టూల్స్‌కూ వర్తించే రెండు జాగ్రత్తలు ఇక్కడే చెప్పాలి. సర్వర్‌ను ఎప్పుడూ పేరుతోనే పిలవాలి, ఐపీ చిరునామాతో కాదు. ఐపీ ఇస్తే సాధారణంగా కెర్బరోస్ పక్కకు తప్పుకుని పాత ఎన్‌టీఎల్ఎం పద్ధతి వస్తుంది, విన్ఆర్ఎం అయితే ట్రస్టెడ్‌హోస్ట్స్‌లో లేదని నిరాకరిస్తుంది. రెండోది గడియారం. మన యంత్రానికీ డొమైన్ కంట్రోలర్‌కూ మధ్య 5 నిమిషాలకు మించి తేడా ఉంటే కెర్బరోస్ ఒప్పుకోదు. బ్యాటరీ పోయిన మదర్‌బోర్డు, వర్చువల్ మెషీన్‌ను పాత స్నాప్‌షాట్‌కు మార్చడం వంటి కారణాలతో ఈ తేడా వస్తుంది, కానీ ఎర్రర్ సందేశం పాస్‌వర్డ్ తప్పన్నట్లుగా కనిపించి దారి తప్పిస్తుంది.

యాక్టివ్ డైరెక్టరీ: రెండు రోజువారీ పనులు

యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్ కన్సోల్ తెరవగానే వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ ఎంచుకోవాలి, లేకపోతే సెక్యూరిటీ, ఆట్రిబ్యూట్ ఎడిటర్ ట్యాబులు కనిపించవు. తర్వాత ఏ డొమైన్ కంట్రోలర్‌తో మాట్లాడుతున్నామో కన్సోల్ పైభాగంలో చూడాలి. హైదరాబాద్ ప్రధాన కార్యాలయంలో కూర్చుని విశాఖపట్నం శాఖలోని కొత్త ఉద్యోగికి ఖాతా తెరిస్తే అది మొదట హైదరాబాద్ డొమైన్ కంట్రోలర్‌లోనే ఉంటుంది. రెండు చోట్లనూ వేర్వేరు సైట్లుగా అమర్చినప్పుడు వాటి మధ్య రెప్లికేషన్ (ఒక కంట్రోలర్‌లోని మార్పులు మరోదానికి చేరడం) విరామం, ఎవరూ మార్చకపోతే, 180 నిమిషాలు. అంటే ఉద్యోగి భోజన విరామం దాకా లాగిన్ కాలేకపోవచ్చు. కన్సోల్‌లో డొమైన్ పేరుపై రైట్ క్లిక్ చేసి చేంజ్ డొమైన్ కంట్రోలర్ ద్వారా విశాఖ కంట్రోలర్‌ను ఎంచుకుని అక్కడే ఖాతా తెరిస్తే ఈ ఎదురుచూపు ఉండదు.

మొదటి పని పాస్‌వర్డ్ మార్చే అధికారాన్ని హెల్ప్‌డెస్క్‌కు అప్పగించడం. పాస్‌వర్డ్ మార్చడం కోసమే హెల్ప్‌డెస్క్ సిబ్బందిని డొమైన్ అడ్మిన్స్ గ్రూపులో చేర్చిన చోట్లు తక్కువేమీ కావు, అది ఏమాత్రం అవసరం లేని ఉదారత. ఉద్యోగుల ఖాతాలున్న ఆర్గనైజేషనల్ యూనిట్‌పై రైట్ క్లిక్ చేసి డెలిగేట్ కంట్రోల్ ఎంచుకోవాలి, హెల్ప్‌డెస్క్ కోసం ముందే తయారుచేసిన గ్రూపును చేర్చాలి, వ్యక్తుల పేర్లను కాదు. తర్వాత వచ్చే సాధారణ పనుల జాబితాలో పాస్‌వర్డ్‌లను రీసెట్ చేసే వరుసకు టిక్ పెట్టి ముగించాలి. లాక్ అయిన ఖాతాను విడిపించే హక్కు మాత్రం ఈ జాబితాలో ఉండదు. దానికోసం విజార్డును మళ్లీ నడిపి, కస్టమ్ టాస్క్ ఎంచుకుని, యూజర్ ఆబ్జెక్టులకు మాత్రమే వర్తించేలా, ప్రాపర్టీల జాబితాలో లాకౌట్‌టైమ్ చదివే, రాసే హక్కులు రెండూ ఇవ్వాలి. ఇదంతా సరిగా చేసినా డొమైన్ అడ్మిన్స్ గ్రూపులోని ఖాతాల పాస్‌వర్డ్‌ను హెల్ప్‌డెస్క్ మార్చలేదు. అలాంటి ముఖ్యమైన ఖాతాల హక్కులను యాక్టివ్ డైరెక్టరీ గంటకోసారి తన మూసలోకి తిరిగి తెస్తుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ.

రెండో పని పదేపదే లాక్ అయ్యే ఖాతా సంగతి తేల్చడం. విడిపించిన పది నిమిషాలకే మళ్లీ లాక్ అవుతోందంటే ఎక్కడో పాత పాస్‌వర్డ్ దాగి ఉండి అదే పనిగా ప్రయత్నిస్తోందన్నమాట. మన కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, కనెక్ట్ టు అనదర్ కంప్యూటర్ ద్వారా పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర పోషిస్తున్న డొమైన్ కంట్రోలర్‌కు కలపాలి, ఎందుకంటే లాకౌట్ల సమాచారం అక్కడికే చేరుతుంది. సెక్యూరిటీ లాగ్‌లో 4740 సంఖ్యతో ఫిల్టర్ చేస్తే ఖాతా పేరుతో పాటు కాలర్ కంప్యూటర్ నేమ్ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ ఉద్యోగి కంప్యూటర్ పేరుంటే క్రెడెన్షియల్ మేనేజర్‌లో నిల్వ చేసిన పాస్‌వర్డ్, పాత ఖాతాతో కలిపిన నెట్‌వర్క్ డ్రైవ్, షెడ్యూల్ చేసిన టాస్క్ చూడాలి. మెయిల్ సర్వర్ పేరుంటే దాదాపుగా ఉద్యోగి ఫోన్‌లోని మెయిల్ యాప్ కారణం. ఏదో సర్వర్ పేరుంటే అక్కడ సైన్ అవుట్ చేయకుండా వదిలేసిన రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ ఉందేమో చూడాలి. లాగ్ చదవడానికి హెల్ప్‌డెస్క్‌కు అడ్మిన్ హక్కు ఇవ్వనవసరం లేదు, ఈవెంట్ లాగ్ రీడర్స్ గ్రూపులో చేరిస్తే చాలు.

యాక్టివ్ డైరెక్టరీ అడ్మినిస్ట్రేటివ్ సెంటర్ అనే మరో కన్సోల్ కూడా ఆర్‌సాట్‌తో వస్తుంది. అందులో తప్పక చేయవలసినది తొలగించిన ఖాతాలను తిరిగి తెచ్చుకోనిచ్చే రీసైకిల్ బిన్‌ను ఎనేబుల్ చేయడం. పాత డొమైన్లలో ఇది ముందే ఆన్ అయి ఉండదు, ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ ఆపలేము, ఆపవలసిన అవసరమూ రాదు. ఈ కన్సోల్, పవర్‌షెల్‌లోని యాక్టివ్ డైరెక్టరీ మాడ్యూల్ రెండూ 9389 పోర్టు వాడతాయి, పాత కన్సోల్ మాత్రం డైరెక్టరీని చదివే ఎల్‌డాప్ పద్ధతి పోర్టు 389 వాడుతుంది. పాతది తెరుచుకుని ఇవి తెరుచుకోకపోతే మధ్యలోని ఫైర్‌వాల్‌లో ఆ పోర్టును మరచిపోయారని అర్థం చేసుకోవచ్చు.

గ్రూప్ పాలసీ కన్సోల్ గురించి క్లుప్తంగా: మార్పు చేసే ముందు ఆ పాలసీని కన్సోల్‌లోనే బ్యాకప్ తీయాలి, డిఫాల్ట్ డొమైన్ పాలసీలో పాస్‌వర్డ్ నియమాలు తప్ప మరేదీ కలపకూడదు. క్లయింట్లు పాలసీని 90 నిమిషాలకు, దానిపై 30 నిమిషాల వరకు యాదృచ్ఛిక ఆలస్యంతో తాజా చేసుకుంటాయి కాబట్టి, ఒక పాలసీ పనిచేయలేదని తీర్మానించే ముందు గ్రూప్ పాలసీ రిజల్ట్స్ విజార్డ్‌తో ఆ కంప్యూటర్‌కు నిజంగా ఏ పాలసీ చేరిందో చూడాలి.

పవర్‌షెల్, రెండో గడప

ఒకే పనిని పది సర్వర్లలో చేయాలంటే కన్సోళ్లకన్నా పవర్‌షెల్ మేలు. ఎంటర్-పీఎస్‌సెషన్ ఆదేశానికి సర్వర్ పేరు ఇస్తే ఆ సర్వర్‌లోనే టైపు చేస్తున్నట్లుంటుంది; ఇన్వోక్-కమాండ్‌కు సర్వర్ల పేర్ల జాబితా, మీసాల బ్రాకెట్లలో ఆదేశం ఇస్తే అది అన్నిటిలో నడిచి ఫలితాలు ఒకచోట వస్తాయి. డిస్కుల్లో ఖాళీ ఎంతుందో, ఒక సర్వీసు ఎక్కడెక్కడ ఆగిపోయిందో చూడడానికి ఇదే నాకు అన్నిటికన్నా నచ్చే పద్ధతి. సర్వర్లను మార్చే ఆదేశాలను మాత్రం ముందు ఒక్క సర్వర్‌పై, వాట్‌ఇఫ్ స్విచ్‌తో నడిపి, ఏం జరగబోతోందో చదివిన తర్వాతే మిగతావాటికి పంపాలి.

ఇందులో ఒక అవరోధం తప్పనిసరిగా ఎదురవుతుంది. మన యంత్రం నుంచి అప్లికేషన్ సర్వర్‌లోకి సెషన్ తెరిచి, అక్కడి నుంచి ఫైల్ సర్వర్‌లోని షేర్‌ను చదవబోతే, రెండింటి మీదా హక్కులున్నా యాక్సెస్ డినైడ్ వస్తుంది. మన ఆధారాలు మొదటి సర్వర్ దాకానే వెళతాయి, వాటిని పట్టుకుని రెండో గడప దాటే అనుమతి దానికి ఉండదు. దీన్ని డబుల్ హాప్ అంటారు. క్రెడ్‌ఎస్‌ఎస్‌పీని ఎనేబుల్ చేస్తే దాటవచ్చు గానీ, అప్పుడు మన పాస్‌వర్డ్‌ను మధ్య సర్వర్ చేతిలో పెట్టినట్లవుతుంది. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన ప్రమాదమే వెనక దారిలో తిరిగివస్తుంది. ఫైలును ముందే మన యంత్రం నుంచి కాపీ-ఐటమ్ ఆదేశంలో టుసెషన్ వాడి సర్వర్‌కు పంపడం, లేదా పనిని విభజించి ఒక్కో సర్వర్‌ను నేరుగా పలకరించడం ఎక్కువ సందర్భాల్లో సరిపోతుంది.

బ్రౌజర్‌లోనే అన్నీ చూడాలనుకునేవారికి మైక్రోసాఫ్ట్ 2018లో విడుదల చేసిన విండోస్ అడ్మిన్ సెంటర్ ఉంది. ఇదీ ఉచితమే. సర్వర్ కోర్ యంత్రాల డిస్కులు, సర్టిఫికెట్లు, అప్‌డేట్లు చూడడానికి ఇది చాలా హాయిగా ఉంటుంది, యాక్టివ్ డైరెక్టరీ లోతైన పనులకు మాత్రం ఇంకా పాత కన్సోళ్లే నయం. దీన్ని డొమైన్ కంట్రోలర్‌పై ఇన్‌స్టాల్ చేయకూడదు. అడ్మిన్ కంప్యూటర్‌లో గానీ, విడిగా ఒక గేట్‌వే సర్వర్‌లో గానీ పెట్టాలి.

ఇంటి నుంచి పని చేసేటప్పుడు ఈ టూల్స్ అన్నీ వీపీఎన్ వెనకనుంచే వాడాలి. రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టును గానీ, విన్ఆర్ఎం 5985ను గానీ రౌటర్‌లో ఇంటర్నెట్‌కు తెరవడం ఏ అత్యవసరంలోనూ సమర్థనీయం కాదు. లాగిన్ అవసరమే లేకుండా చొరబడనిచ్చే బ్లూకీప్ లోపం రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉందని 2019 మే నెలలో బయటపడినప్పుడు, అప్పటికే మద్దతు నిలిపేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేయవలసి వచ్చింది.

రిమోట్ డెస్క్‌టాప్‌ను పూర్తిగా వదిలేయమని నేను అనడం లేదు. సర్వర్‌లోనే నడిచే ఇన్‌స్టాలర్, ఏ కన్సోల్‌కూ దొరకని పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు, డ్రైవర్ల పనులు (డివైస్ మేనేజర్ ఇప్పుడు రిమోట్‌గా తెరుచుకోదు) అక్కడే చేయాలి. ఆ పనులకు ఆ సర్వర్ వరకే హక్కున్న ఖాతా వాడి, పని ముగియగానే విండో మూయడం కాకుండా సైన్ అవుట్ చేయాలి. డొమైన్ కంట్రోలర్లు కాని సర్వర్లలోకి డొమైన్ అడ్మిన్స్ లాగిన్ కాకుండా గ్రూప్ పాలసీలో, యూజర్ రైట్స్ అసైన్‌మెంట్ కింద, డినై లాగ్ ఆన్ త్రూ రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ అనే వరుసలో ఆ గ్రూపును చేర్చవచ్చు. ఈ పాలసీని మొదట ప్రాముఖ్యం లేని ఒక సర్వర్‌కు వర్తింపజేసి, స్థానిక అడ్మిన్ ఖాతా పాస్‌వర్డ్ చేతిలో ఉందని రూఢి చేసుకున్న తర్వాతే మిగతావాటికి విస్తరించాలి. డొమైన్ కంట్రోలర్లున్న యూనిట్‌కు మాత్రం దీన్ని లింక్ చేయకూడదు.